'ఏముంది' మామయ్య ఊరు చూసొచ్చిన వైనం

మా మామయ్యకు లోకంలో ఏదీ నచ్చదని అనలేను గానీ, ఏదైనా నచ్చిందని ఆయన నోటి వెంట విన్నవాళ్లు మాత్రం లేరు. కొత్త ఇల్లు చూపించినా, కొత్త కోడల్ని చూపించినా, ఆకాశంలో ఇంద్రధనుస్సు చూపించినా ఆయన పెదవి ఒకే వైపుకు విరిగేది, ఒకే మాట వచ్చేది: "ఏముంది అందులో?" కొత్త కోడలి విషయంలో ఆ మాట వల్ల రెండు ఇళ్ల మధ్య చాలాకాలం రాకపోకలు లేవు. ఇంద్రధనుస్సు ఏమీ అనుకోలేదు.

ఇంతా చేసి ఆయన బతుకుతెరువు కళ్లజోళ్ల దుకాణం. నలుగురికీ చూపు ఇచ్చి నాలుగు రాళ్లు సంపాదించుకునే మనిషి, చూడటానికి ఈ లోకంలో ఏమీ లేదని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఒకాయన కొత్త కళ్లజోడు పెట్టుకుని గుమ్మంలోకి వెళ్లి వీధిని చూసి మురిసిపోయాడు.

"అబ్బ, ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తున్నాయండీ."

"కనిపిస్తే ఏముంది? అవి మీవి కాదుగా" అన్నాడు మామయ్య, ఫ్రేములు తుడుచుకుంటూ.

ఆ దుకాణంలో నేను బిల్లులు రాసేదాన్ని. పేరుకే బిల్లులు. అసలు పని ఇలా మొహం చిన్నబుచ్చుకున్న వాళ్లను కూర్చోబెట్టి, "ఆయన మాట అంతేనండీ, మనిషి మంచివాడు" అని బుజ్జగించడం. ఆ మాట మొదట్లో జీతం కోసమే చెప్పేదాన్ని.

ఇక ఆయన సొంత కళ్లజోడు సంగతి. సోడాబుడ్డి అద్దాలు. అవి తీస్తే మామయ్యకు ఎదురుగా ఉన్నది మనిషో మానో తెలియదు. ఒకసారి అద్దాలు తుడుచుకుంటూ, గోడకు తగిలించిన నా వానకోటును "రండి సార్, కూర్చోండి" అని పిలిచాడు. కోటు కూర్చోలేదు. "తలబిరుసు మనిషి" అని గొణుక్కున్నాడు.

అత్తయ్యది పోస్టాఫీసులో ఉద్యోగం. మా ఊరి నుంచి ఒక పెద్ద నగరానికి వెళ్లే ఉత్తరాలన్నీ వేరుచేసి, సంచిలో వేసి, మూతి బిగించి కట్టడం ఆమె పని. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఆ నగరంలో ఏ వీధి పక్కన ఏ వీధి ఉందో, ఏ వీధివాళ్లకు ఎలాంటి ఉత్తరాలు వస్తాయో ఆమెకు కొట్టిన పిండి. నగరాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. అందుకే ఒకసారి మామయ్య రైలు టికెట్లు తెచ్చి, "మూడు రోజులు. పోదాం పద. అక్కడ ఏముందో నాకైతే తెలియదు" అని బల్ల మీద పడేస్తే, ఆమె ఆ పూట పొయ్యి ఆర్పడం మర్చిపోయింది. తోడుకు నాకూ ఒక టికెట్ ఉంది.

ఆ రోజు నుంచి మా భోజనాల బల్ల నగరమైపోయింది. మంచినీళ్ల చెంబు గడియారస్తంభం, గిన్నె మూత మ్యూజియం, అడ్డంగా పెట్టిన గరిటె నది మీద వంతెన.

"స్టేషన్లో దిగగానే ఎడమవైపు గడియారం వీధి" అనేది అత్తయ్య. "ఆ వీధికి పెళ్లి కార్డులు ఎక్కువ వెళ్తాయి. మంచి కళకళలాడే వీధి అయ్యుంటుంది. అది దాటితే వంతెన వీధి. దానికన్నీ లాయరు నోటీసులే. అక్కడ మనం ఎక్కువసేపు నిలబడొద్దు."

"ఏముంది ఆ వంతెనలో" అంటూ మామయ్య గరిటె తీసి కూర వడ్డించుకునేవాడు.

"అయ్యో, వంతెన తీసేస్తే మేం ఎలా దాటాలండీ?"

"ఈదుకుంటూ రండి."

బల్ల మధ్యలో ఉప్పు డబ్బా ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ కదపకూడదు. అది నగరంలోని పెద్ద పోస్టాఫీసు. అత్తయ్యకు వంతెనా మ్యూజియమూ ఒక ఎత్తు, ఆ పోస్టాఫీసు ఒక ఎత్తు. "ఇన్నేళ్లుగా నేను ఇక్కడ ముడి వేసి పంపిస్తున్నానా, అక్కడ దాన్ని ఎవరో ఒకరు విప్పుతూనే ఉన్నారు కదా. ఆ మనిషిని ఒక్కసారి చూడాలమ్మాయ్" అని నాతో అంది. అలా అంటున్నప్పుడు ఆమె మొహంలో కొంచెం సిగ్గు కూడా ఉంది. మామయ్య ఆ పూట ఉప్పు లేకుండానే తిన్నాడు.

ప్రయాణం దగ్గర పడ్డాక అత్తయ్య ఆఫీసులో పై అరలోని ఉత్తరాలు తీయబోయి ఎత్తుపీట మీద నుంచి పడింది. చీలమండ విరిగింది. మోకాలి దాకా పిండికట్టు వేశారు. మామయ్య టికెట్లు చింపబోతే ఆమె మంచం మీద నుంచే చెయ్యి పట్టుకుంది.

"నా వల్ల మీరూ మానేస్తే నాకు నిద్ర పట్టదు. వదిన నాకు తోడుంటుంది. మీరిద్దరూ చూసొచ్చి బాగా చెప్పండి. వింటే నేను చూసినట్టే. ఇక నాకు మళ్లీ వెళ్లే పని కూడా ఉండదు."

ఆమె వదిన అంటే మా అమ్మ. మామయ్య నా వైపు చూశాడు, పిండికట్టు వైపు చూశాడు, "సరే" అన్నాడు. ఆయన అంత తొందరగా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నగరంలో మేం మొదట చూసింది వంతెన. అంటే, నేను చూశాను. నదిని చూడగానే కమ్మీ పట్టుకుని కిందికి వంగాను. పక్కకు తిరిగితే మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పెట్టుకో మామయ్యా, వంతెన చూడు."

"దుమ్మమ్మాయ్. కళ్లు మండుతున్నాయి. నువ్వు చూడు."

గడియారస్తంభం దగ్గరా దుమ్మే. మ్యూజియంలో తలుపులన్నీ మూసి ఉన్నాయి, నేల అద్దంలా మెరుస్తోంది, అక్కడా దుమ్మేనట. గదుల వెంట నా చెయ్యి పట్టుకుని నడిచాడు. ఒకచోట దారికి అడ్డంగా ఉన్న రాతివిగ్రహంతో "కొంచెం జరుగుతారా బాబూ" అన్నాడు. అది జరగకపోయేసరికి, "ఈ ఊళ్లో మర్యాద తక్కువ" అని నాతో చెప్పాడు. బయటికి రాగానే మాత్రం కళ్లజోడు పెట్టుకుని బస్సు నంబర్లు గడగడా చదివేశాడు. వయసు మీద పడ్డ చాదస్తం అనుకున్నాను. కోపం కూడా వచ్చింది.

పెద్ద పోస్టాఫీసు ముందు ఆ కోపం నెత్తికెక్కింది. ఆయన లోపలికి రాలేదు సరికదా, నన్నూ వెళ్లనివ్వలేదు. మెట్ల మీద, భవనానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"అత్తయ్య అడుగుతుంది మామయ్యా. ఏం చెప్పను?"

"వెళ్లలేదని చెప్పు."

ఇంటికొచ్చేసరికి అత్తయ్య కాలు స్టూలు మీద పెట్టుకుని, తల దువ్వుకుని, పెళ్లివారి కోసం చూస్తున్నట్టు గుమ్మం వైపు చూస్తూ కూర్చుని ఉంది.

"వంతెన ఎలా ఉందండీ?"

"ఇనుము. ఈ ఒడ్డున మొదలై ఆ ఒడ్డున అయిపోయింది."

"గడియారస్తంభం?"

"టైము చూపిస్తోంది."

"మ్యూజియంలో ఏమున్నాయి?"

"పాత సామాన్లు. మన అటక మీద కూడా ఉన్నాయిగా."

అత్తయ్య గొంతు చిన్నదైపోయింది. "మరి పోస్టాఫీసు?"

"వెళ్లలేదు."

ఆమె కళ్లు తుడుచుకుంటూ, "నేనేమడిగాను మిమ్మల్ని? బాగా చెప్పమన్నాను. అంతేగా" అంది. నాకిక ఉండబట్టలేదు.

"ఈయనేం చెప్తాడత్తయ్యా, చూస్తే కదా చెప్పేది. ఎక్కడికెళ్లినా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. నన్ను గుడ్డివాడి చేతికర్రలా పట్టుకుని నగరమంతా తిరిగాడు."

అత్తయ్య ఆయన వైపు తిరిగింది. "ఎందుకండీ?"

"దుమ్ము."

"మ్యూజియంలో కూడానా?"

మామయ్య కళ్లజోడు తీశాడు. తుడవడానికి ఏమీ లేకపోయినా తుడిచాడు. "నువ్వు లేకుండా చూడాలనిపించలేదే" అన్నాడు. "పైగా నేను చూశానంటే బాగా చెప్పాల్సి వస్తుంది. బాగా చెబితే చూసినట్టే అంటావు. ఆ తర్వాత నిన్ను ఈ గుమ్మం ఎవడు దాటిస్తాడు?"

నాకు అప్పుడు కొన్ని గుర్తొచ్చాయి. ఏ అద్దం పెట్టినా చూపు మెరుగుపడదని తేలిన ముసలాయన ఒకరు మా దుకాణానికి వచ్చేవారు. మామయ్య ఆయనకు టీ తెప్పించి, ఈ వీధిలో చూడదగ్గది ఒక్కటీ లేదని ఎంతసేపైనా చెప్పేవాడు. ఆయన నవ్వుకుంటూ వెళ్లేవారు. నాకు కోరుకున్న ఉద్యోగం రాని రోజున, "ఏముంది ఆ ఉద్యోగంలో, కుర్చీలో కూర్చోవడమేగా, మన దగ్గరా ఉంది కుర్చీ" అన్నది కూడా ఆయనే. ఆయన 'ఏముంది' అన్న ప్రతిసారీ ఎదుటివాళ్లను ఓదార్చడానికేనని చెప్పను. కొత్త కోడలి విషయంలో అది వట్టి నోటిదురదే. కానీ ఆ పూట మామయ్య మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

అత్తయ్యకు మాత్రం కోపం వచ్చింది. "కళ్లజోడు లేకుండా ఆ బస్సుల మధ్య తిరిగారా? ఏదైనా గుద్దేస్తే? మతుందా మీకు?" అని కేకలేసింది. కేకలు అయ్యాక మా అమ్మ వైపు తిరిగి, "చూశావా వదినా, అంత డబ్బు పోసి వెళ్లి ఈ మనిషి ఏమీ చూడకుండా వచ్చాడు. ఇలా వదిలేస్తే ఎలా? నేను దగ్గరుండి చూపిస్తే గానీ లాభం లేదు" అంది. తన కోసమైతే ఆమె మళ్లీ ఎప్పటికీ సెలవు అడిగేది కాదు. మొగుడికి ఊరు చూపించడం కోసం ఆ వారమే ముందస్తుగా అడిగిపెట్టింది. మామయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు గానీ, ఆయన భుజాలు నవ్వుతున్నట్టు కదలడం నేను చూశాను.

కాలు నయమయ్యాక ఇద్దరూ వెళ్లారు. ఈసారి నాకు టికెట్ లేదు. తిరిగొచ్చాక అత్తయ్య వంతెన గురించీ గడియారం గురించీ వారం రోజులు చెప్పింది. పోస్టాఫీసు గురించి మాత్రం ఆమెను చెప్పనివ్వకుండా మామయ్యే అందుకున్నాడు. ఇప్పటికీ దుకాణంలో ఎవరైనా అడగడమే ఆలస్యం, అడగకపోయినా సరే, చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మొదలుపెడతాడు.

"లోపలికెళ్లి మా ఆవిణ్ని చూపించి, ఫలానా ఊరి సంచి కట్టేది ఈవిడేనండీ అన్నాను. మూలనున్న ఒకాయన గబుక్కున లేచి నిలబడ్డాడు. మీరేనా తల్లీ, మీ ముడితో ఇన్నేళ్లుగా నా గోళ్లన్నీ అరిగిపోయాయి అని రెండు చేతులూ చాచి చూపించాడు. పక్కవాళ్లంతా పని ఆపి ఈవిణ్ని చూడ్డానికి వచ్చారు." అప్పుడు కొంచెం ఆగి, కళ్లజోడు సర్దుకుని, ఎదుటివాళ్లు బాగా వింటున్నారో లేదో చూసుకుంటాడు. "అంత పెద్ద ఊరండీ. మా ఆవిడ వేసిన ముడిని సులువుగా విప్పే మొనగాడు ఒక్కడూ లేడు అక్కడ."