మెట్ల గోడ మీది డొల్ల రాయి

కట్టుబడి పనులలో లోపాలను కనిపెట్టి, అవి సరిచేసేదాకా వెంటపడటమే ఆయన ఉద్యోగం. చేతిలో కొయ్య సుత్తి, జేబులో సుద్దముక్క. గోడకు అతికించిన ప్రతి రాయినీ తట్టి చూసేవారు. వెనుక సిమెంటు నిండుగా ఉంటే రాయి ముక్తసరిగా పలుకుతుంది; ఖాళీ ఉంటే కుండలా మోగుతుంది. మోగిన రాయి చుట్టూ సున్నా చుట్టేవారు. మేస్త్రీ దానిని ఊడదీసి తిరిగి అతికించిన పిమ్మట మరల తట్టి, తృప్తి కలిగితేనే స్వహస్తంతో ఆ సున్నాను చెరిపేవారు. దానిని అన్యులు చెరపరాదు. ఈ నియమాన్ని ఎవరూ విధించలేదు, ఎవరూ మీరనూ లేదు. పనివాళ్ళు ఆయనను చెవుల పెద్దాయన అనేవారు.

అటువంటి మనిషికి ఆ చెవులే మొరాయించాయి. మొదట ఎడమది, తరువాత కుడిది. ఆ సంగతి భార్యకు తప్ప మరెవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఆ పని చేజారితే తాను ఎందుకూ కొరగానని ఆయనకు లోలోపల భయం. అందుచేత వేరొక ఉపాయం పట్టారు. సుత్తితో తడుతూ, ఎడమ అరచేతిని గోడకు ఆనించేవారు. పలుచని పలకల వెనుక డొల్ల ఉంటే చేయి జిల్లుమనేది. ఆ అరచేయి చాలాకాలం ఆయన పరువు నిలిపింది.

రాళ్ళు అతికించే మేస్త్రీ ఆయనకు స్వయానా బావమరిది. నోరు దురుసే గాని, బావ అంటే ప్రాణం.

"ఏం బావా, ఎన్నిసార్లు పిలిచినా పలకవేం? మా అక్క నీ చెవుల్లో కూడా సిమెంటు దట్టించిందా ఏంటి?" అన్నాడు ఒకనాడు భోజనాల వేళ.

అందరూ పకపక నవ్వారు. వారి ముఖాలు చూసిన తరువాత పెద్దాయన కూడా నవ్వారు. అలా ఆలస్యంగా వచ్చిన నవ్వును చూసి, బావమరిది తన నవ్వును మధ్యలోనే మింగివేశాడు. మరెన్నడూ ఆ వేళాకోళం ఆడలేదు.

కడుతున్నది గ్రంథాలయ భవనం. దాని మెట్ల గోడకు మందపాటి రాళ్ళు అతికించారు. ఇంజనీరమ్మ వాటిలో ఒకదానిని తట్టి, "పెద్దాయనా, ఇది డొల్లగా ఉన్నట్టుంది, చూడండి" అని చేతితో చూపింది. ఆయన సున్నా చుట్టారు. బావమరిది మనుషులు రాయిని ఊడదీసి మళ్ళీ అతికించారు. సిమెంటు ఆరిన తరువాత పెద్దాయన వచ్చి తట్టారు. అరచేయి నిశ్చలంగా ఉండిపోయింది. అంత మందపు రాతి వెనుక డొల్ల ఉన్నా చేతికి తెలియదన్న ఆలోచన ఆయనకు రాలేదు. సున్నా చెరిపివేశారు.

కొద్దిరోజులకు, మెట్ల కమ్మీలు బిగించేవాళ్ళు పైన రంధ్రాలు చేస్తుండగా ఆ రాయి ఊడిపడింది. కింద కూర్చుని సందులు పూడుస్తున్న బావమరిది కుడి భుజం నుగ్గయింది. ఆ చేయి ఇక తాపీ ఎత్తలేదని వైద్యులు తేల్చి చెప్పారు.

సంగతి విచారించడానికి ఇంజనీరమ్మ ఆసుపత్రికి వచ్చింది. మంచం పక్కన అక్కా బావా నిలబడి ఉన్నారు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు బావమరిది, ముఖం గోడవైపు తిప్పుకుని. "బావ చూసి సున్నా చెరిపాక, రాయి వంకరగా ఉందనిపించి నేనే మళ్ళీ పీకి అతికించా. ఆయనకి చెప్పలేదు."

ఆమె వెళ్ళిపోయిన తరువాత, బావమరిది ఏమన్నాడని పెద్దాయన భార్యను అడిగారు. ఆమె ఆయన కుడి చెవికి నోరానించి జరిగినదంతా చెప్పింది. "తమ్ముడు మిమ్మల్ని కాపాడాడండీ. మీరింక ఏం మాట్లాడకండి."

మరునాడు ఆయన ఇంజనీరమ్మ ఎదుట నిలబడ్డారు.

"ఆ రాయిని ఎవరూ మళ్ళీ తీయలేదమ్మా. అది నేను చెరిపిన సున్నా. నాకు వినపడదు."

ఆమె పెదవులు కదిలాయి. ఎప్పటినుంచని అడుగుతున్నదని ఊహించి, "చాన్నాళ్ళయింది" అన్నారు.

తరువాతి రోజులలో ఆయన మెట్టుమెట్టూ తిరిగి, తాను చెరిపిన సున్నాలను గుర్తున్నమేరకు తానే మళ్ళీ చుట్టారు. వెనుక వేరొకాయన సుత్తితో తట్టుకుంటూ వచ్చాడు. రాళ్ళలో అధికభాగం గట్టివే. ఆ పని ముగిసిన రోజున పెద్దాయన సుత్తిని అప్పగించి ఇంటికి వచ్చారు.

బావమరిది కట్టుకట్టిన భుజంతో వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

"నా చెయ్యి ఎలాగూ పోయింది. నీ పనైనా నిలబడుతుందనుకున్నా. అదీ పోగొట్టుకొచ్చావు కదా బావా! లేనిపోని తప్పు నెత్తినేసుకోడానికి నాకేమన్నా సరదానా?"

పెద్దాయన దగ్గరకు వంగారు. "ఏమన్నావురా? మళ్ళీ చెప్పు."

బావమరిది అక్కవైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. అతడు అలవాటు లేని ఎడమచేతిని మెల్లగా నోటిదాకా ఎత్తి, అన్నం తిన్నావా అన్నట్టు సైగ చేశాడు.

లేదని పెద్దాయన తల అడ్డంగా ఊపారు.