సిద్ధపాటు శనివారం

నా భర్త పోయాక నేను ప్రభుబల్లకు వెళ్లడం మానేశాను. చర్చికి వెళ్లేదాన్ని. పాటలప్పుడు అందరితోపాటు లేచి నిలబడేదాన్ని. పాస్టరు అయ్యగారు రొట్టెకూ ద్రాక్షరసానికీ పిలిచినప్పుడు మాత్రం నా బెంచీమీదే కూర్చుండిపోయేదాన్ని. పక్కవాళ్లు మోకాళ్లు పక్కకు తిప్పి నన్ను దాటుకుని వెళ్లేవారు.

మా తెలుగు సంఘంలో నెలకొకసారి బల్ల. దాని ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూటం. ఎవరితోనైనా మాటలు లేకపోతే ఈ రాత్రిలోగా వెళ్లి సమాధానపడి రండి, హృదయం సిద్ధం కాకుండా బల్ల దగ్గరికి రావద్దు అని అయ్యగారు చెప్పేవారు. కూటం అయిపోగానే జనం నిజంగానే బయలుదేరేవారు. చింతాద్రిపేటలో మా వీధి మొదట్లో ఒకావిడ గడప బయటే నిలబడి లోపలికి కేకేయడం నేను విన్నాను.

"క్షమించినానని ఒక మాట చెప్పేయక్కా, ట్రాం పోతాది!"

"పో, క్షమించినా. మా బక్కెట్టు మాత్రం తెచ్చియ్యి."

అప్పటికి మద్రాసులో ట్రాములు ఇంకా ఆగిపోలేదు. అలా ట్రాముకు అందేలా తీసుకునే క్షమాపణ హృదయాన్ని ఏం సిద్ధం చేస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. ఆత్మలో ఎదగడం గురించి చాలా పుస్తకాలు చదివాను. వాటిలో ఎంత అందంగా రాసిన పేజీ అయితే అంత అనుమానంగా చూసేదాన్ని.

అలా నా దగ్గరికి వచ్చేది మా వదిన, నా భర్తకు అక్క. కాపురం రాయపురంలో. ఆమె భర్తది హార్బరులో మూటలు దించే పని. ఆయన్ని సమాధి చేసిన రోజు శ్మశానం గేటు దగ్గర, అందరూ వింటుండగా ఆమె ఒక మాట అంది. "ఆ ఇంట్లో పుస్తకాలుండాయి గానీ ప్రార్థన లేదు. అందుకే దేవుడు నా తమ్ముణ్ణి తీసుకుండాడు." నేను బల్లకు వెళ్లకపోవడానికి కారణం ఆ మాటే. ఆమెమీద అంత కోపం పెట్టుకుని అక్కడికి వెళ్లి మోకరించడం నాకు అబద్ధంగా అనిపించింది.

ఆ తర్వాత ప్రతి సిద్ధపాటు శనివారమూ వదిన వచ్చేది. టిఫిన్ క్యారియరులో నెత్తళ్ల చేపల వేపుడు తెచ్చేది. కుర్చీ అంచుమీద కూర్చుని, "మనసులో ఏమన్నా ఉంటే తీసేయ్ అమ్మాయ్" అనేది. నేను కాఫీ ఇచ్చేదాన్ని, జవాబు ఇచ్చేదాన్ని కాదు. ఆమె కాఫీ తాగి వెళ్లి మర్నాడు బల్ల తీసుకునేది. నా గడప ఎక్కి దిగితే ఆమె పని అయిపోయినట్టే ఉండేది. ఆ వేపుడుమీద కూడా నాకు అనుమానమే. అయినా తినేదాన్ని, మా ఆయనకు ఇష్టమైనది కాబట్టి.

ఒక శనివారం ఆమె క్యారియరు బల్లమీద పెడుతుండగానే అడిగేశాను.

"వదినా, ఆ రోజు నువ్వన్నది తప్పని నీకు అనిపిస్తోందా?"

ఆమె మూత తీయబోయి ఆగింది. అవునని చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను.

"లేదు" అంది.

"మరి ఎందుకొస్తావు?"

"బల్ల కాడ మోకాళ్లేస్తే నీ మొగమే అడ్డం వస్తాది. నీ గడప తొక్కకుండా ఆడికి ఎట్ల పోయేది?"

"అయితే నీ కోసమే వస్తున్నావు."

"నా కోసమేనమ్మా. నీ కోసం ఎవరొస్తారు ఈడికి? ఆ పుస్తకాలు లేచొస్తాయా?"

నాకు కోపం రావలసింది. కానీ ఆమె నాతో నిజం మాట్లాడటం అదే మొదలు. దాంతో నేనూ కొంచెం నిజం చెప్పగలిగాను. "తప్పని నువ్వు ఒప్పుకున్నా నేను క్షమిస్తానో లేదో నాకే తెలీదు వదినా."

"సరి పో. ఇద్దరం ఒకటే జాతి" అంటూ ఆమె కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించింది. "నేను ఊరికే అన్లేదు. వాడు జొరంతో పడున్నన్ని దినాలూ నేను ఈ గదిలోనే కూర్చోనుంటి. నువ్వు లోపల వాడి కాడ. ఒక్క పూటన్నా ఒక్క ప్రార్థన మాట నా చెవిన పడిందా, చెప్పు?"

అప్పుడు అర్థమైంది. వాళ్లింట్లో ప్రార్థన అంటే గొంతెత్తి ఏడ్చి అడగడం. గోడ అవతలివాళ్లకు వినపడని ప్రార్థన ఒకటుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"చేశాను వదినా. ఆయన చెయ్యి పట్టుకుని చేశాను. పైకి చెప్పలేదు."

"పైకి చెప్పకుండానా?"

"మీ తమ్ముడికి జ్వరంలో చప్పుడు పడేది కాదు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. సరుకు తూకం సరిగా ఉందో లేదో చూసే చూపు అది. "ఈ మాట అప్పుడే చెప్పుండొచ్చు గదా" అంది.

"నువ్వు అడిగావా?"

ఆమె లేచి నిలబడింది. నేను చెప్పింది నమ్మిందో, సందు దొరికి నేను కల్పించానని అనుకుందో తెలియలేదు. క్యారియరు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు చర్చిలో ఆమె ఎప్పుడూ కూర్చునే ముందు వరుస వదిలేసి నా పక్కన వచ్చి కూర్చుంది. అందరూ చూడాలని వచ్చిందనుకున్నాను. అయ్యగారు బల్లకు పిలిచారు. వరుస తర్వాత వరుస లేచింది. మా వరుసా లేచి, మమ్మల్ని దాటుకుని వెళ్లింది. వదిన కదల్లేదు.

"నువ్వు పోలేదే?" అని మెల్లగా అడిగాను.

"రేత్రంతా నిద్ర లేదు. నువ్వు చెప్పింది నిజమైతే ఆ గేటు కాడ నేనన్నది పాపం. నిజమో కాదో తెలీకుండా ఎట్ల పోయేది?"

కళ్లు మూసుకున్నాను. ఆమెమీద నాకున్న కోపాన్ని దేవుడి ముందు ఉన్నదున్నట్టు పెట్టాను. తీసేయమని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. ఇదిగో, ఇది ఉంది అన్నాను, అంతే.

కళ్లు తెరిచేసరికి వదిన నా మొహంలోకి వంగి చూస్తోంది.

"చేస్తా ఉండావా, లోపల్లోపల?"

"ఆ."

"అయిపోయిందా?"

"ఇంకా లేదు."

"సరి, కానీ. నేనుంటా" అంది.

నన్ను కనిపెట్టి చూస్తోందో, నాకోసం ఆగిందో నాకు తెలియదు. మళ్లీ కళ్లు మూసుకున్నాను. ముందు బల్ల దగ్గర చివరివాళ్లు లేచి వస్తున్న చప్పుడు వినిపించింది. అయ్యగారు గిన్నెమీద గుడ్డ కప్పబోతూ మా వైపు చూసి ఆగారు. కోపం అలాగే ఉంది, కానీ ఇప్పుడది దాచుకున్నది కాదు. నేను లేచాను. వదిన నా మోచెయ్యి పట్టుకుని లేచింది. ఇద్దరం వెళ్లి మోకరించాం.