ఆవిడా నేనేనండీ

నా పీహెచ్‌డీ గైడు మేడంగారు జీవితమంతా హార్మోన్ రిసెప్టర్ల మీదే పనిచేశారు. తొలి పేపర్లు పుట్టింటి ఇంటిపేరుతో, పెళ్ళయ్యాక రాసినవి అత్తింటి ఇంటిపేరుతో అచ్చయ్యాయి. దాంతో పేపర్ల లెక్కలు కట్టే కంప్యూటరు ఆవిణ్ణి ఇద్దరు మనుషులనుకుంది. మేడంగారు రోజూ ల్యాబుకి రాగానే ఇద్దరి సైటేషన్లూ, అంటే వాళ్ళ పేపర్లని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో ఆ అంకెలు, బోర్డు మీద రాసి కూడేవారు. ప్రొఫెసర్ పోస్టు ఇంటర్వ్యూలో కమిటీవాళ్ళు అత్తింటి పేరు మీదున్న అంకే చూశారు. "ఆవిడా నేనేనండీ" అంటే, "రికార్డులో అలా లేదు కదమ్మా" అని పంపేశారు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొన్న గవర్నర్‌పేట హోటల్లో మేడంగారి రిటైర్మెంటు సన్మానం. ఆ ఇంటర్వ్యూ చేసిన పెద్దమనిషే మైకు పట్టుకుని, పాత ఇంటిపేరుతో ఉన్న పేరు చదివి, "ఆ మహాతల్లి వేసిన బాటలోనే మన మేడంగారూ నడిచారండీ" అన్నాడు. హాలంతా చప్పట్లు.

మేడంగారూ చప్పట్లు కొడుతూ నా వైపు వంగారు. "నువ్వూ కొట్టమ్మా. పాపం, ఆవిడకిదే మొదటి సన్మానం."