మద్రాసు వెళ్ళాల్సిన పడవ

అక్క ఫోన్ చేసి, "మీ బావ పడవ కొన్నాడే" అంటే పిల్లల బొమ్మేమో అనుకున్నాను. నిజం పడవే. కొల్లేరు నుంచి పులికాట్ దాకా సరుకు పడవలు నడవాలని తెల్లదొరలు తవ్వించిన కాలువలను మళ్ళీ బాగుచేస్తారని మా బావ ఎక్కడో చదివాడు. ఆయనది చీరాలలో చేనేత చీరల కొట్టు. చీరల మూటలు నీళ్ళ మీద మద్రాసు పంపుదామని అందరికంటే ముందే సిద్ధమైపోయాడు. రెండేళ్ళయినా కాలువ బాగుపడలేదు.

"నువ్వొచ్చి అమ్మించు. నా మాట వినడు" అంది అక్క మళ్ళీ ఫోన్ చేసి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున ఐదుంబావుకు తాడేపల్లి దగ్గర కృష్ణా కెనాల్ స్టేషన్‌లో పాసింజరెక్కాను. ఎదురు సీటు పెద్దాయన ఏం పని మీద వెళ్తున్నానని అడిగితే, పడవ అమ్మడానికని చెప్పాను.

ఆయన నా చేతిసంచీ వైపు చూసి, "ఇందులో పట్టిందా అమ్మా?" అన్నాడు.

ఏడింటికి చీరాల. బావ స్కూటర్ మీద ఆ కాలువల్లో ఒకటైన కొమ్మమూరు కాలువ గట్టుకు తీసుకెళ్ళాడు. పడవ కొనడానికి వాడరేవు నుంచి సుబానీ గారు తొమ్మిదికి వస్తారట.

"ఈలోగా ఒక్కసారి ఎక్కు సుజాతా. అమ్మేశాక బాధపడతావు" అన్నాడు బావ. బాధ ఎవరిదో ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

గడకర్రతో తోస్తూ ఫర్లాంగు దూరం వెళ్ళామో లేదో, గుర్రపుడెక్కలో ఇరుక్కుపోయాం. గట్టు మీద మిరప కోతకు వెళ్తున్న ఏడుగురు ఆడవాళ్ళు ఆగి చూశారు.

"ఎక్కడికండీ ప్రయాణం?" అంది వాళ్ళలో పెద్దామె.

"మద్రాసు" అన్నాను, బావ నోరు తెరిచేలోపే.

"మద్రాసు తర్వాత పోదురుగాని, ముందు మమ్మల్ని ఆ గట్టున దించండి. తాడు విసరండి, లాగుతాం."

ఏడుగురూ లాగితే పడవ కదిలింది. వాళ్ళ చేను అవతలి గట్టునే ఉంది, కానీ వంతెన చుట్టి వెళ్ళాలంటే ముప్పావుగంట నడక. రెండు విడతలుగా దాటించాం. బావ నిటారుగా నిలబడి గడ వేశాడు.

పెద్దామె దిగుతూ, "సాయంత్రం ఐదుకి రండి. రేపు ఏడుకి" అంది. అడగలేదు, చెప్పింది.

సుబానీ గారు వచ్చి చెక్క తట్టి చూశారు. "మంచి పడవండి. తీసుకెళ్ళమంటారా?"

బావ నా వైపు చూశాడు. అమ్మిస్తానని అక్కకు మాటిచ్చి వచ్చినదాన్ని.

"కోతలయ్యాక రండి" అన్నాను.

అక్క ఇంట్లో భోజనానికి ధైర్యం చాలక, స్టేషన్ ఎదుట పులిహోర తిని పన్నెండింటి రైలెక్కాను. బాపట్ల దాటాక అక్క ఫోన్ చేసింది. జరిగింది చెప్పాను.

"రోజూ ఏడుకా?" అంది అక్క. "అయితే ఆరింటికే టిఫిన్ కట్టాలన్నమాట."

రెండు సరస్సులను కలపాలనుకున్న కాలువ మీద నా ప్రయాణమంతా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి. మీరూ వెళ్ళాలనుకుంటే పొద్దున ఏడులోపు చేరండి. కోతవాళ్ళు ఎక్కాక చోటుంటేనే మా బావ మిమ్మల్ని ఎక్కించుకుంటాడు.