పాలరాయి మీద పేరు

మా ఊరి మీదుగా పోయే బస్సు చెడిపోయి దారిలో దింపేస్తే నడుస్తున్నాను. మైలురాయి ముందు గొంతుక్కూర్చుని దాని మీద చుక్కలు వేస్తున్న మనిషి కనిపించాడు. వీపు చూసే గుర్తుపట్టాను. రాయి కనిపిస్తే నిమ్మరసం చుక్క వెయ్యనిదే అడుగు ముందుకు వెయ్యని మనిషి లోకంలో ఒక్కడే. మా బావ. నా భార్యకు అన్న, రాళ్ళ మీద అక్షరాలు చెక్కేవాడు.

రసం కళ్ళమందు సీసాలో ఉంటుంది. బుసబుసమంటే సున్నపురాయి జాతి, వాన తినేస్తుంది. ఉలుకూ పలుకూ లేకపోతే నల్లరాయి, వానకే విసుగు పుడుతుంది. ఇదీ ఆయన శాస్త్రం. బ్యాంకు మెట్ల మీద చుక్క వేసి కాపలావాడి చేత గెంటించుకున్నాడు. పళ్ళడాక్టరు నోరు తెరవమంటే, "ముందు మీ గచ్చు సంగతి చూడనివ్వండి" అన్నాడు. నేను తిరిగిన పాత నగరాల్లో ముక్కులరిగిన పాలరాతి రాజుల్ని చూసినప్పుడల్లా ఆయనే గుర్తొచ్చి నవ్వుకునేవాణ్ణి.

ఒక్కచోట నవ్వలేకపోయాను. నా భార్య పోయినప్పుడు సమాధికి పాలరాయి తెచ్చాను. ఆమెకు తెలుపంటే ప్రాణం. బావ చుక్క వేశాడు, నురగ చూశాడు, ఉలి కింద పెట్టేశాడు.

"ఈ ఊరి ఫ్యాక్టరీ పొగంతా కలిసి వాన పులిసిపోతోంది. పదేళ్ళలో మా చెల్లి పేరుండదు. నేను చెక్కను."

"చెల్లెలి సమాధి దగ్గర కూడా నీ రాళ్ళ పిచ్చేనా?" అన్నాను. అనకూడని మాట. ఇంకొకడితో చెక్కించి దేశాలు పట్టాను. తొమ్మిదేళ్ళు. పేరు చెరిగిపోయి ఉంటుందన్న భయంతోనే ఇటు రాలేదు.

"ఏమోయ్, బతికే ఉన్నావా?" అన్నాడు బావ, మైలురాయి మీంచి చూపు తిప్పకుండా.

"బావా, పేరు ఉందా, పోయిందా?"

"చూడ్డానికి రానివాడికి చెప్పడమెందుకు? నడు."

సమాధి దగ్గర కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాను. రాయంతా ఉప్పుగల్లులా గరగర. అక్షరాల్లోకి మాత్రం వేలు దిగింది. అంచులు వేలు తెగేంత పదును.

"ఇది ఆ చెక్కినవాడి చెయ్యి కాదు."

"వానలు తగ్గగానే ఏటా వెంట్రుకవాసి లోతు చేస్తున్నా."

"నల్లరాయి పెట్టేస్తే పోయేదిగా! ఏటా ఈ చాకిరీ ఏమిటి?"

"దానికి తెలుపంటే ప్రాణమన్నది నువ్వేగా? అన్నని అయ్యుండీ నాకా ముక్క తట్టలేదు. రాళ్ళ పిచ్చోణ్ణి కదా."

 తొమ్మిది వానాకాలాలు దాటిన ప్రతిసారీ ఆయన ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేనెక్కడో రాజుల ముక్కులు చూసి నవ్వుకున్నాను.

"బావా, ఆ రోజు నేనన్న మాట..."

"రాతిపొడి కడగడానికి ఇంకో మనిషుంటే పని తొందరగా తెముల్తుంది. వానలు తగ్గాక రా."

కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి, సంచి భుజాన వేసుకుని గేటు దాటుతున్నాడు. వెళ్ళొస్తానని కూడా అనలేదు.