దొర కప్పిన శాలువా

మా హిస్టరీ మాస్టారు పోయారని మొన్న రేపల్లె నుంచి కబురు వచ్చింది. తెనాలి ఆసుపత్రి నుంచి ఇంటికి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట. రైలెక్కానే గానీ, దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా వచ్చింది. ఆ ఊరు ఆయన్ని బతికుండగా సరిగ్గా చూసుకోలేదు.

ఎనభైల్లో ఆయన మాకు పాఠం చెప్పేవారు. పుస్తకంలో లేని ఒక గ్రీకువాడి కథ ఏటా చెప్పేవారు. అతను టర్కీ సుల్తాను కొలువులో దుబాసీ. సుల్తాను మెచ్చి, పట్టు అంగీ తొడిగి, ఒక రాజ్యం ఏలుకోమని పంపాడు. పన్నుల హుకుం జనానికి వినిపించాల్సింది అతనే. జనం అతన్ని సుల్తాను మనిషన్నారు. సుల్తానేమో జనం మనిషని అనుమానించి తల తీయించాడు.

"అతని పేరేంటండి?" అని అడిగితే, "పరీక్షలో రాదులే. మనిషిని గుర్తుపెట్టుకో, చాలు" అనేవారు.

మాస్టారూ దుబాసీయే. మిషన్ దొరలు చర్చికి వస్తే పక్కన నిలబడి వాళ్ళ ప్రసంగం తెలుగులో చెప్పేవారు. దొర "నేను" అంటే ఈయనా "నేను" అనాలి, అది పద్ధతి. ఒక ఆదివారం దొర మిషన్ నడిపే పిల్లల హాస్టల్ సంగతి ఎత్తాడు. మాస్టారు ఆ మాటనే తెలుగులో, "ఈ హాస్టల్ నేను మూసేస్తున్నాను" అన్నారు. ప్రార్థన అయ్యాక దొర ఆయనకు శాలువా కప్పి, కారెక్కి వెళ్ళిపోయాడు. అందరూ చూసింది ఆ శాలువానే.

మూయించింది మాస్టారేనని ఊరంతా అన్నారు. హాస్టల్ వంటమ్మకు పని పోయింది. చర్చి మెట్ల దగ్గర ఆయన "బాగున్నావా అక్కా" అని పలకరిస్తే ఆమె మొహం తిప్పుకునేది.

"మీరు కాదని చెప్పొచ్చుగదండి" అన్నాను ఒకసారి.

"నా నోటి నుంచే కదరా వచ్చింది" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఎవరి పక్కనా దుబాసీగా నిలబడలేదు. గ్రీకు కథ కూడా మళ్ళీ చెప్పలేదు.

నేను వెళ్ళేసరికి శవాన్ని పెట్టెలో పడుకోబెట్టారు. బంధువులెవరో బీరువాలోంచి ఆ శాలువా తెచ్చి గౌరవంగా కప్పారు. ఇన్నేళ్ళూ దాని మడత విప్పనే లేదని మాస్టారి భార్య నాతో అన్నారు. అప్పుడే వంటమ్మ వచ్చింది. ముసలిదైపోయింది. నేరుగా పెట్టె దగ్గరకు నడిచి శాలువా లాగేసింది.

"ఇది కప్పుకుని పోతే పైలోకంలో కూడా నమ్మరమ్మా ఈయన్ని" అంది.

పెట్టె మూసి మేకులు కొట్టారు. అందరూ శ్మశానం వైపు కదిలినా, ఆ శాలువా ఎక్కడ పెట్టాలో తెలియక వంటమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది.