పెద్ద శెట్టిగారి మిలిటరీ మనిషి

బసవయ్య బర్మా యుద్ధం నుంచి వీరులపాడు తిరిగొచ్చాక ఊరు అతనికి 'మిలిటరీ' అనే బిరుదిచ్చింది. పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. తుపాకీ పట్టినవాడు నాగలేం పడతాడని రైతులు అనుకున్నారు. నిజానికి అతను తుపాకీ పట్టిందే లేదు. యుద్ధమంతా దెబ్బలు తగిలిన సిపాయిల్ని మోస్తూ, వాళ్ళ పుళ్ళు కడుగుతూ గడిపాడు. ఆ సంగతి చెబితే జనం నిరాశపడుతున్నారని చెప్పడం మానేశాడు.

ఆ రోజుల్లోనే జగ్గయ్యపేటలో కిరాణా వ్యాపారి వీరరాఘవయ్య శెట్టిగారికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. నోరు పడిపోలేదు. ఇంట్లోవాళ్ళ బాధ అదే. కొడుకు చెన్నకేశవరావుకు కొట్టు పని, కోడలు తాయారుకు మడి. ముసలాయన్ని ఎత్తి కూర్చోబెట్టి, ఒళ్ళు కడగడానికి బసవయ్యను పెట్టుకున్నారు. "మా నాన్నగారికి మిలిటరీ మనిషిని పెట్టానండీ" అని చెన్నకేశవరావు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. నాన్నగారుండే దొడ్డివైపు గదిలోకి మాత్రం పండగలకే వెళ్ళేవాడు.

బసవయ్య వంటింటి గడప తొక్కకూడదనీ, మంచినీళ్ళ బిందె తాకకూడదనీ తాయారు కట్టడి చేసింది.

"మరి మామగారిని తాకొచ్చా అమ్మా?" అన్నాడు బసవయ్య.

తాయారు కాసేపు ఆలోచించింది. "జబ్బు మనిషికి అంటు లేదులే."

మొదటిరోజు పెద్ద శెట్టిగారు అతన్ని ఎగాదిగా చూశారు. "నేను పారిపోతానని కాపలా పెట్టారా?"

"పారిపోవాలనుంటే చెప్పండి. నేనే మోసుకుపోతా."

ముసలాయన నవ్వారు. నవ్వు సగం మొహానికే వచ్చింది.

నలభై ఎనిమిది ఎండాకాలం. నైజాం సరిహద్దు అవతల నుంచి కుటుంబాలు మూటలతో పేటకు వస్తున్నాయి. ఒక పొద్దున రజాకార్లు పేట మీద పడబోతున్నారని పుకారు లేచింది. చెన్నకేశవరావు బళ్ళు కట్టించాడు, నందిగామలో అత్తవారింటికి. ఇనప్పెట్టె ఎక్కింది. గంగాళాలు ఎక్కాయి. ఆవకాయ జాడీలకు గడ్డి చుట్టి పసిపిల్లల్లా పడుకోబెట్టారు. ఇక నాన్నగారికి చోటు లేదు.

"ఆ కుదుపులకు నాన్నగారు తట్టుకోలేరు బసవయ్యా. అయినా మిలిటరీవాడివి, నువ్వుండగా భయమేంటి?"

"నా దగ్గర తుపాకీ లేదు కదండీ."

"ధైర్యం ఉందిగా!" అంటూ చెన్నకేశవరావు బండెక్కాడు.

లోపల పెద్ద శెట్టిగారికి అంతా వినపడింది.

"జాడీలు ఎక్కాయా?" అన్నారు.

"ఎక్కాయండీ."

"అదృష్టవంతులు." గోడవైపు తిరిగి పడుకున్నారు. భుజం కదులుతోంది. అలా గోడవైపు తిరిగిన మనుషుల్ని బసవయ్య బర్మాలో చూశాడు. వాళ్ళలో చాలామంది మళ్ళీ ఇటు తిరగలేదు. అతనికి భయం వేసింది.

"శెట్టిగారూ, ఇక్కడుంటే గోడే కనపడుద్ది. కొట్లో కూర్చుందాం రండి," అని జవాబు కోసం ఆగకుండా ఎత్తుకున్నాడు.

కొట్టు తలుపులు తీసి, బాలీసుకు ఆనించి కూర్చోబెట్టాడు. బజారంతా మూసేసి ఉంది. అవతలి నుంచి వచ్చిన ఒకావిడ చంకలో పిల్లతో ఆగింది.

"ఒక్క దుకాణం గూడ తెరువలే అయ్యా. ఇన్ని నూకలిస్తవా? పైసల్లేవు."

పెద్ద శెట్టిగారు ఎడమచేత్తో బస్తా చూపించారు. "బసవయ్యా, కొలువు. తలగొట్టకు, నిండుగా పొయ్యి."

సాయంత్రానికి కొట్టు ముందు జనం. రజాకార్లు రాలేదు. ఆకలైనవాళ్ళే వచ్చారు. పెద్ద శెట్టిగారు కేకలేస్తూ, బసవయ్యను తిడుతూ, చింతపండూ ఉప్పూ పంచారు. మంచం పట్టాక ఆయన అంత ఉత్సాహంగా తిట్టింది అదే మొదలు.

భయం తగ్గాక చెన్నకేశవరావు తిరిగొచ్చాడు. ఈలోగా నందిగామలో, నాన్నగారు ప్రాణం పోయినా కొట్టు వదలనన్నారని చెప్పుకున్నాడు. ఆ సింహాన్ని చూడాలని ఇద్దరు వ్యాపారులు వెంట వచ్చారు కూడా. ఖాళీ బస్తాలు చూసి కొడుకు మొహం మాడింది గానీ, వాళ్ళ ముందు నోరెత్తలేకపోయాడు.

"అలిసిపోయారు నాన్నగారూ, లోపలికి పదండి."

"అలిసింది నువ్వు. నందిగామ దాకా పరిగెత్తొచ్చావు. కూర్చో, బసవయ్య మంచినీళ్ళిస్తాడు."

బసవయ్య తాయారు బిందెలోంచే ముంచి ఇచ్చాడు. వ్యాపారులు చూస్తుండగా చెన్నకేశవరావు తాగక తప్పలేదు.

ఆ తర్వాత ముసలాయన దొడ్డివైపు గదిలో పడుకోనన్నారు. రోజూ పొద్దున్నే బసవయ్య కొట్లోకి మోసుకొచ్చేవాడు. మరుసటి ఏడు వానలదాకా బతికారు. పోయే ముందురోజు కూడా మిరపకాయల బేరంలో ఎవరితోనో గట్టిగా పోట్లాడారు.

బసవయ్య నందిగామలో ఒక ప్లీడరుగారి తల్లికి సాయంగా కుదిరాడు. ఆవిడకు చెవుడు. రోజూ కబుర్లు చెప్పమనేది, ఒక్కటీ వినపడేది కాదు. బసవయ్య బర్మా సంగతులన్నీ ఓపిగ్గా చెప్పేవాడు.